చెవి పైభాగం కుట్టించుకుంటే: లోహం, పొడవు, ఓపిక

తమ్మె కుట్టించుకోవడం, చెవి పైభాగం కుట్టించుకోవడం చూడ్డానికి ఒకే పనిలా ఉంటాయి. అదే చెవి, అదే సూది, అదే ఒక్క క్షణం చురుక్కు. తేడా తర్వాత తెలుస్తుంది. తమ్మె ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానిపోతుంది, మధ్యలో రెండు మూడు పొరపాట్లు చేసినా సర్దుకుంటుంది. పైభాగానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. మూడో నెలలో అంతా బాగుందనిపిస్తుంది. ఐదో నెలలో ఒక రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలి పడుకుంటే, తెల్లారేసరికి మళ్లీ ఎర్రగా ఉబ్బి సలుపుతుంటుంది.

ఎందుకిలా అన్నది వేళ్లతోనే చూసుకోవచ్చు. తమ్మెను బొటనవేలు, చూపుడువేలు మధ్య నలిపితే మెత్తగా సాగుతుంది. అందులో ఉన్నది కొవ్వు, పీచు కణజాలం, బోలెడన్ని రక్తనాళాలు. వేళ్లను అలాగే అంచు వెంట పైకి జరుపుతూ పోతే ఒకచోట లోపల గట్టి రేకులాంటిది తగులుతుంది. వంచితే వంగుతుంది, వదిలితే మళ్లీ నిలబడుతుంది. అదే కార్టిలేజ్, పాఠ్యపుస్తకాల మాటలో మృదులాస్థి. దానికి సొంతంగా రక్తనాళాలు లేవు. రెండు వైపులా దాన్ని అంటిపెట్టుకుని ఉండే పెరికాండ్రియం అనే పల్చటి పొర నుంచి ఊరి వచ్చే పోషకాలతోనే అది బతుకుతుంది. రక్తం నేరుగా అందని చోట మరమ్మతు నిదానంగా సాగుతుంది. సూక్ష్మజీవులతో పోరాడే తెల్లరక్తకణాలైనా, మింగిన యాంటీబయాటిక్ అయినా అక్కడికి ఆలస్యంగా, తక్కువ మోతాదులో చేరతాయి.

ఇంకో సంగతి. కుట్టిన చోట పుండు మామూలు పుండులా పూడుకుపోదు. ముందూ వెనకా ఉన్న చర్మం మెల్లగా లోపలికి పెరుగుతూ నగ చుట్టూ గొట్టంలా ఏర్పడాలి. అంటే బయటి నుంచి లోపలికి మానుతుంది. రెండు కొసలూ ఆరి, నొప్పి పోయి, రంగు మామూలుగా అయ్యేసరికి లోపలి భాగం ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఇక అయిపోయిందని చాలామంది నగ మార్చేది సరిగ్గా ఈ దశలోనే. గొడవలు మొదలయ్యేదీ ఇక్కడే.

కాబట్టి మొదటిరోజు చెవికి ఎక్కేదాన్ని నగగా కంటే ఏడాదిపాటు పచ్చి పుండులో ఉండబోయే వస్తువుగా చూడటం మేలు. ఆ వస్తువు సరైనదైతే సంరక్షణ అంటూ చేయాల్సింది పెద్దగా ఉండదు. సరైనది కాకపోతే ఎంత కడిగినా, ఎన్ని స్ప్రేలు కొట్టినా మానడం కష్టం.

ముందు చోటు

అంచు వెంట పోయే వంపు హీలిక్స్. అదే వంపు ముఖం వైపు దిగే చోట ఫార్వర్డ్ హీలిక్స్. చెవి రంధ్రానికి ముందు చిన్న తలుపులా ఉండేది ట్రాగస్. గిన్నెలా లోతుగా ఉన్న భాగం కాంక్. రంధ్రానికి కాస్త పైన లోపలికి వెళ్లే మడత డెయిత్, దానికీ పైన ఉండే మడత రూక్. పై అంచుకు రెండు చోట్ల రంధ్రాలు వేసి ఒకే పొడవాటి కడ్డీ దూర్చితే అది ఇండస్ట్రియల్.

హీలిక్స్ కుట్టడం తేలికే, కానీ దిండూ జుట్టూ హెల్మెట్టూ అన్నీ దాన్నే తాకుతాయి. ట్రాగస్‌కు ఆ బెడద తక్కువైనా ఇయర్‌ఫోన్లు వాడేవాళ్లు కొన్ని నెలలు ఆ చెవిని వదిలేయాలి. ఇండస్ట్రియల్ సంగతి వేరు. రెండు పుండ్లను ఒకే కడ్డీకి కట్టేసినట్టు ఉంటుంది, ఒకదానికి తగిలిన దెబ్బ రెండోదానికీ పాకుతుంది. మొదటిసారి కుట్టించుకునేవారు దాన్ని ఎంచుకోకపోవడమే మంచిది. పైగా అందరి చెవులూ అన్నిటికీ పనికిరావు. రూక్‌కు మడత స్పష్టంగా ఉండాలి, ఇండస్ట్రియల్‌కు కడ్డీ లోపలి మడతకు తగలకుండా పోయేంత దారి ఉండాలి. చెవిని పట్టి చూసి, ఇక్కడ కుదరదు అని చెప్పే పియర్సర్ (కుట్టే మనిషి) దొరికితే ఆ మనిషికి పని తెలిసినట్టే. డెయిత్ కుట్టించుకుంటే మైగ్రేన్ తగ్గుతుందన్న ప్రచారానికి మాత్రం నిలబడే ఆధారం లేదు. అందం కోసం అయితే సరే, తలనొప్పి కోసం అయితే ఆ ఏడాది శ్రమ అనవసరం.

రెండు చెవులూ ఒకేసారి కుట్టించుకోవాలన్న ఆలోచనను కూడా పక్కన పెట్టడం మంచిది. కారణం చిన్నదే: రాత్రి ఏ పక్కకు తిరిగి పడుకోవాలి?

ఏ లోహం

అమ్మేచోట ఎక్కువగా వినపడే మాట ‘సర్జికల్ స్టీల్’. వింటే ఆపరేషన్ థియేటర్ గుర్తొచ్చి ధైర్యం కలుగుతుంది. నిజానికి ఆ పేరుకు ఒక కచ్చితమైన నిర్వచనం లేదు. శస్త్రచికిత్సలో వాడే కత్తెర కొన్ని నిమిషాలు శరీరాన్ని తాకి బయటికొస్తుంది, చెవిలో కడ్డీ నెలల తరబడి ఉంటుంది. రెండింటికీ ఒకే ప్రమాణం సరిపోదు. శరీరం లోపల అమర్చే వస్తువుల కోసం ఏఎస్‌టీఎం, ఐఎస్‌ఓ అనే ప్రమాణాల సంస్థలు రాసినవి వేరే ఉన్నాయి. స్టీలుకైతే ఏఎస్‌టీఎం ఎఫ్138, టైటానియంకైతే ఏఎస్‌టీఎం ఎఫ్136 లేదా ఐఎస్‌ఓ 5832-3. అమ్మేవారు ఈ అంకె చెప్పగలరా, తయారీదారు ఇచ్చిన సర్టిఫికెట్ చూపించగలరా అన్నదే అసలు పరీక్ష. ‘ఒరిజినల్ మెటీరియల్ అండీ’ అన్నది జవాబు కాదు.

స్టీలుతో పేచీ నికెల్. ఎఫ్138 స్టీలులో కూడా 13 నుంచి 15 శాతం నికెల్ ఉంటుంది. అది లోహంలో గట్టిగా బంధించబడి ఉంటుంది కాబట్టి బయటికి ఊరేది చాలా తక్కువ, ఎక్కువమందికి ఇబ్బంది రాదు. కానీ నికెల్ పడని వారికి ఆ కొద్దిపాటి కూడా చాలు. ఈ ఎలర్జీ పుట్టుకతో వచ్చేది కాదు, తాకగా తాకగా ఒకరోజు శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఒకసారి గుర్తుపెట్టుకుంటే సాధారణంగా జీవితాంతం మరచిపోదు. తర్వాత గడియారం పట్టీ వెనక మూత, ప్యాంటు బొత్తాం తగిలినా దురద మొదలవుతుంది. చెవులు కుట్టించుకోవడం ఈ ఎలర్జీ మొదలవడానికి బాగా తెలిసిన దారుల్లో ఒకటి. అందుకే యూరోపియన్ యూనియన్ 1994లోనే దీనిపై ఆంక్షలు పెట్టింది. ఇప్పుడు అక్కడి నిబంధన ప్రకారం కుట్టిన రంధ్రాల్లో పెట్టే కడ్డీల నుంచి విడుదలయ్యే నికెల్ చదరపు సెంటీమీటరుకు వారానికి 0.2 మైక్రోగ్రాములు దాటకూడదు. చర్మాన్ని పైపైన తాకే వస్తువులకు ఇచ్చిన పరిమితి 0.5. రంధ్రంలోకి వెళ్లేదాని మీద రెండింతలకు పైగా కట్టడి ఉందన్నమాట.

ఇక్కడ ఒక అపోహ బాగా చెలామణీలో ఉంది. అయస్కాంతం పెట్టి చూసి, అంటుకోకపోతే నికెల్ లేనట్టే అనుకుంటారు. నిజం దాదాపు తలకిందులు. నగల్లో వాడే 316ఎల్ రకం స్టీలు అయస్కాంతానికి అంటుకోకపోవడానికి ముఖ్య కారణమే అందులోని నికెల్. ఆ లోహపు లోపలి అమరికను అయస్కాంతం పట్టని రూపంలో నిలిపి ఉంచేది అదే. కాబట్టి అయస్కాంతం అంటలేదన్న సంతోషానికి ఇక్కడ అర్థం లేదు.

ఈ చిక్కులన్నీ ఎందుకు అనుకుంటే దారి టైటానియం. ఎఫ్136 రకంలో సుమారు తొంభై శాతం టైటానియం, ఆరు శాతం అల్యూమినియం, నాలుగు శాతం వనాడియం ఉంటాయి. నికెల్ కలపరు. గాలి తగలగానే దాని మీద ఒక పల్చటి ఆక్సైడ్ పొర ఏర్పడి లోహాన్ని కప్పేస్తుంది, శరీరం తాకేది ఆ పొరనే. బరువు కూడా స్టీలులో సగానికి కాస్త ఎక్కువ, అంతే. వేలాడే బరువు తగ్గితే పుండు మీద లాగుడు తగ్గుతుంది. నీలం, ఊదా, గులాబీ రంగుల్లో టైటానియం చూసి పెయింట్ వేశారేమో అని భయపడక్కర్లేదు. కరెంటు పంపి ఆ ఆక్సైడ్ పొర మందాన్ని మారుస్తారు, మందాన్ని బట్టి కాంతి వేర్వేరు రంగుల్లో కనిపిస్తుంది. సబ్బు నురగ మీద, నీటిపై తేలే నూనె మీద రంగులు ఎలా వస్తాయో అలాగే. నియోబియం కూడా ఇదే తరహా లోహం, బరువు మాత్రం ఎక్కువ.

బంగారం మాటకొస్తే అందరూ స్వచ్ఛత ఎంత అని అడుగుతారు. పచ్చి పుండు విషయంలో అడగాల్సింది మిగిలిన భాగంలో ఏముంది అని. 14 క్యారెట్‌లో బంగారం 58.5 శాతం, 18 క్యారెట్‌లో 75 శాతం. మిగతాది రాగి, వెండి లాంటివైతే ఫర్వాలేదు. తెల్ల బంగారంలో తెలుపు కోసం కొన్నిసార్లు నికెల్ కలుపుతారు, అతుకుల్లో కాడ్మియం ఉండే అవకాశం ఉంది. ఈ రెండూ లేవని తెలియాలి. అలాగని స్వచ్ఛత పెంచుకుంటూ పోతే మంచిదేం కాదు. 18 దాటిన కొద్దీ బంగారం మెత్తబడుతుంది, కంటికి కనపడని గీతలు పడతాయి, ఆ గీతల్లో రసీ సూక్ష్మజీవులూ నిలుస్తాయి. 22 క్యారెట్ దిద్దు మానిన చెవికి బాగుంటుంది, మానుతున్న చెవికి కాదు. బంగారమే కావాలనుకుంటే చెవి లోపల ఉండే కడ్డీ టైటానియంది పెట్టించి, బయట కనిపించే పువ్వో చుక్కో బంగారంలో తీసుకోవడం తెలివైన పని. పుండుకు తాకేది ఒకటి, లోకానికి కనిపించేది మరొకటి.

గిల్టు నగల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పూత ఎంత మంచిదైనా తడి, ఉప్పు, రాపిడి మధ్య కొన్నాళ్లకు అరుగుతుంది, కింద ఉన్న ఇత్తడో నికెలో పుండుకు తగులుతుంది. వెండి కూడా మొదటి నగగా వద్దు. శరీరపు తేమకు అది నల్లబడుతుంది, ఆ నలుపు చర్మంలోకి చేరి మచ్చగా మిగిలిపోవచ్చు. చాలా రకాల ప్లాస్టిక్ కడ్డీలు ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే యంత్రం) వేడికి ఆగవు, కాబట్టి వాటిని సరిగా స్టెరిలైజ్ చేయలేరు.

ఆకారం, పొడవు

లోహం గురించి ఇంత పట్టించుకునేవారు కూడా ఆకారాన్ని కేటలాగ్ చూసి ఎంచుకుంటారు. చాలాసార్లు చెవిని ఇబ్బంది పెట్టేది లోహం కంటే ఆకారమే.

మామూలు దిద్దు వెనక సీతాకోకచిలుక రెక్కల్లా చుట్టుకుని ఉండే బిరడాను నెల రోజులు వాడాక ఒకసారి భూతద్దంలో చూడాలి. ఆ రెండు చుట్టల మధ్య ఎండిన రసి పసుపుపచ్చగా గట్టిపడి ఉంటుంది, దాంట్లో ఒకటి రెండు వెంట్రుకలు, షాంపూ తెట్టు, దిండు గలీబు నుంచి ఊడిన నూలు పోగులు. అదంతా పుండుకు అంటుకుని కూర్చుంటుంది. ఒత్తుకుపోయినప్పుడు బిరడా ఇంకా లోపలికి జరిగి వాపుకు చోటు లేకుండా చేస్తుంది. దానికి బదులు వెనక నున్నటి బిళ్ల ఉండే ఫ్లాట్‌బ్యాక్ స్టడ్ పెట్టించుకుంటే తుడవడం తేలిక, మురికి పట్టుకునేందుకు మూలలుండవు, పడుకున్నప్పుడు గుచ్చుకోదు.

ముందు భాగం కడ్డీకి ఎలా బిగుసుకుంటుందో కూడా చూడాలి. కడ్డీ బయటివైపు మరలు ఉంటే వేసిన ప్రతిసారీ తీసిన ప్రతిసారీ ఆ మరల అంచులు పచ్చి గొట్టాన్ని గీరుకుంటూ వెళతాయి. మర కడ్డీ లోపల ఉండే రకం, లేదా అసలు మరే లేకుండా సన్నని పిన్నును కాస్త వంచి నొక్కితే బిగుసుకునే థ్రెడ్‌లెస్ రకం మంచివి. ఈ రెండింటిలోనూ చెవిలోంచి వెళ్లే భాగం నున్నగా ఉంటుంది.

రింగుతో మొదలుపెట్టాలని చాలామందికి కోరిక. రింగు తిరుగుతుంది, తిరిగినప్పుడల్లా బయట పక్కుకట్టిన రసిని లోపలికి లాక్కెళుతుంది. వంకర నగను తిన్నటి రంధ్రంలో పెట్టి మానమంటే అదీ ఒక బాధ. మానేదాకా స్టడ్, మానాక రింగు. డెయిత్ లాంటి కొన్ని చోట్ల మడత ఆకారాన్ని బట్టి పియర్సర్ వంపు తిరిగిన నగ పెట్టవచ్చు, అది మినహాయింపు.

మందాన్ని గేజ్‌లో చెబుతారు, అంకె పెరిగితే మందం తగ్గుతుంది. 20 గేజ్ అంటే 0.8 మిల్లీమీటర్లు, 18 అంటే 1, 16 అంటే 1.2, 14 అంటే 1.6. కార్టిలేజ్‌కు మామూలుగా 16 లేదా 18, ఇండస్ట్రియల్‌కు 14 వాడతారు. తమ్మె దిద్దులు చాలావరకు 20 దగ్గర ఉంటాయి కాబట్టి ఇంట్లో ఉన్నదాన్నే పైకి ఎక్కిద్దాం అనుకుంటే కుదరదు. సన్నటి తీగ బరువుకు, ఒత్తిడికి కణజాలాన్ని కోసుకుంటూ జరిగే ప్రమాదం ఉంది.

పొడవు విషయం ఎక్కువమందికి చెప్పరు, చెప్పినా చాలామంది రెండోసారి వెళ్లరు. కుట్టాక చెవి ఉబ్బుతుంది కాబట్టి మొదట కావాలనే పొడవు కడ్డీ పెడతారు. చెవి మందాన్ని బట్టి, ఉదాహరణకు 8 మిల్లీమీటర్లది. నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో వాపు దిగుతుంది. అప్పుడు ఆ కడ్డీ వదులుగా నిలుస్తుంది. వదులు కడ్డీకి జుట్టు చిక్కుకుంటుంది, పడుకుంటే ఒకవైపుకు వాలుతుంది. పొడవాటి పలుగును రాయి కింద పెట్టి ఊపితే ఏమవుతుందో రంధ్రం అంచుల దగ్గర అదే జరుగుతుంది. కొన్ని వారాలు అలాగే ఉంటే రంధ్రం కోణమే మారిపోతుంది, వెనక వైపు ఎర్రటి బుడిపె తేలుతుంది. బుడిపెకు మందులు వెతికే ముందు 6 మిల్లీమీటర్ల కడ్డీకి మారిస్తే చాలాసార్లు అదే అణుగుతుంది. దీన్నే డౌన్‌సైజింగ్ అంటారు. మొదటిరోజే ఇందుకు మళ్లీ రావాల్సిన తేదీ రాయించుకోవాలి. అప్పటికి లోపల పచ్చిగానే ఉంటుంది కాబట్టి ఈ మార్పు ఇంట్లో అద్దం ముందు చేసేది కాదు, కుట్టినవారి చేతే చేయించుకోవాలి.

సూదా, గన్నా

చెవులు కుట్టే గన్ను మొద్దు దిద్దును బలంగా తోస్తుంది, కార్టిలేజ్ పగిలిపోతుంది, సూదైతే శుభ్రంగా కోస్తుంది అని అందరూ చెబుతారు. ఈ వాదన అనుకున్నంత గట్టిది కాదని ఒప్పుకోవాలి. 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో మరణించినవారి చెవులను వేర్వేరు పద్ధతుల్లో కుట్టి మైక్రోస్కోప్ కింద చూస్తే, కార్టిలేజ్‌కు జరిగిన నష్టం అన్నిటిలోనూ దాదాపు ఒకేలా కనిపించింది. అయినా గన్ను వద్దనడానికి వేరే కారణాలు మిగిలే ఉన్నాయి. ప్లాస్టిక్ భాగాలున్న గన్నును ఆటోక్లేవ్‌లో, అంటే 121 డిగ్రీల ఆవిరి ఒత్తిడిలో పెట్టలేరు, పైపైన తుడుస్తారు. దానికి పట్టే దిద్దు పొడవు ముందే నిర్ణయమై ఉంటుంది, వాపుకు చోటుండదు. వెనక ఆ రెక్కల బిరడా తప్పదు. కోణాన్ని కూడా అంగుళం అంగుళం చూసుకునే వీలుండదు.

పైపైన తుడవడం ఎంత దూరం తీసుకెళుతుందో అమెరికాలోని ఒరెగన్ రాష్ట్రంలో 2000లో జరిగిన ఘటన చూపిస్తుంది. నగలమ్మే ఒక చిన్న కియోస్క్‌లో గన్నుతో చెవి పైభాగం కుట్టించుకున్నవారికి వరసగా ఇన్ఫెక్షన్లు వచ్చాయి. ఏడుగురికి సూడోమోనాస్ ఎరుగినోసా అనే బ్యాక్టీరియా సోకినట్టు ల్యాబ్‌లో నిర్ధారణ అయింది. కొందరు ఆస్పత్రిలో చేరి ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది, చెవి ఆకారం చెడింది. వెతికితే ఆ బ్యాక్టీరియా ఎక్కడ దొరికిందంటే, క్రిములను చంపడానికి వాడుతున్న డిసిన్ఫెక్టెంట్ స్ప్రే సీసాలో. శుభ్రం చేస్తున్నామనుకుంటూ ఒక్కొక్కరికీ దాన్నే కొట్టారు.

కుట్టించుకునే చోట చూడాల్సినవి ఆ సీసా నుంచే తెలుస్తాయి. సూది ఒక్కరికే వాడి పారేసేదై, సీలు కళ్ల ముందు విప్పాలి. నగ ఆటోక్లేవ్ చేసిన కవర్‌లోంచి బయటికి రావాలి. కొత్త గ్లోవ్స్ వేసుకున్నాక ఆ చేతులు ఫోన్‌నో డ్రాయర్‌నో తాకితే మళ్లీ మార్చాలి. మొహమాటపడకుండా అడగాల్సిన సందర్భం ఇదే.

ఇంటికొచ్చాక

చేయాల్సింది కొంచెం. చేయకూడనిదే ఎక్కువ.

స్టెరైల్ సెలైన్ స్ప్రే ఒకటి ఉంటే చాలు. లేబుల్ మీద 0.9 శాతం సోడియం క్లోరైడ్, నీరు తప్ప మరేదీ ఉండకూడదు. కాంటాక్ట్ లెన్స్ ద్రావణం చూడ్డానికి అలాగే ఉంటుంది కానీ అందులో నిల్వ ఉంచే రసాయనాలుంటాయి. ఇంట్లో ఉప్పు కలుపుకోవచ్చు కదా అంటే, 0.9 శాతం అంటే లీటరుకు తొమ్మిది గ్రాములు. చేతి కొలతతో వేస్తే చాలామంది ఎక్కువే వేస్తారు, ఉప్పు ఎక్కువైతే చర్మం ఎండి పగులుతుంది. పైగా ఆ గిన్నె, ఆ చెంచా స్టెరైల్ కావు.

పొద్దున లేచేసరికి కడ్డీ చుట్టూ తెల్లగా, లేత పసుపుగా పక్కు కట్టి ఉంటుంది. చూసి చీము అని కంగారు పడతారు. ఊరిన రసి ఆరితే అలాగే ఉంటుంది, మానుతున్న పుండు లక్షణం అది. గోటితో గిల్లితే కింద కొత్తగా పెరుగుతున్న చర్మం కూడా ఊడుతుంది. ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ముందూ వెనకా సెలైన్ కొట్టి ఒకటి రెండు నిమిషాలు వదిలేస్తే పక్కు నాని మెత్తబడుతుంది. అప్పుడు గాజ్ (పుండ్లకు కట్టే పల్చటి గుడ్డ) ముక్కతో ఒత్తితే దానంతట అదే వచ్చేది వస్తుంది, రానిదాన్ని మర్నాటికి వదిలేయాలి. దూది వద్దు, పోగులు చిక్కుకుంటాయి. తర్వాత మరో పొడి గాజ్ ముక్కతోనో, హెయిర్ డ్రయర్ చల్లగాలితోనో బాగా ఆరబెట్టాలి. రోజుకు రెండుసార్లు ఇంతే. ఆరబెట్టడాన్ని చాలామంది వదిలేస్తారు. ఒరెగన్ సీసాలో పెరిగిన సూడోమోనాస్ తేమను ఇష్టపడే రకం, సింకులు, కుళాయి మూతులు, తడి స్పాంజీలు దాని నివాసాలు. తలస్నానం తర్వాత తడి జుట్టు కింద గంటల తరబడి నాననివ్వడం దానికి చోటివ్వడమే.

నగను రోజూ తిప్పకపోతే చర్మానికి అతుక్కుపోతుందన్నది పాత సలహా. అతుక్కోదు. తిప్పితే లోపల అప్పుడే అల్లుకుంటున్న గొట్టం చిరుగుతుంది, పక్కు లోపలికి వెళుతుంది. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ సూక్ష్మజీవులతో పాటు కొత్త కణాలనూ చంపుతాయి. ఆయింట్‌మెంట్లు, నూనెలు, పసర్లు, పొడులు రంధ్రాన్ని మూసి తడిని, మురికిని లోపలే ఉంచుతాయి. మంచి ఉద్దేశంతో ఇంట్లోవాళ్లు ఇచ్చే ఇలాంటి సలహాలను మర్యాదగా విని ఊరుకోవడమే.

నిద్రది పెద్ద టెన్షన్. ప్రయాణాల్లో మెడకు పెట్టుకునే గుండ్రటి దిండును పక్క మీద పరిచి, చెవి దాని మధ్య ఖాళీలోకి వచ్చేలా పడుకుంటే పక్కకు తిరిగినా ఒత్తిడి పడదు. గలీబు తరచూ మార్చాలి. ఫోన్ రెండో చెవికి. హెల్మెట్ పెట్టేటప్పుడు, తీసేటప్పుడు నేరుగా లాగకుండా రెండు వైపులా వెడల్పు చేసి తీయాలి, టీషర్ట్ విప్పేటప్పుడూ అంతే. స్విమ్మింగ్ పూల్, చెరువు, నది మానేదాకా వద్దు.

తేడా చేస్తే

రంధ్రం పక్కన బుడిపె లేవగానే అందరికీ వచ్చే మొదటి మాట కీలాయిడ్. చాలావరకు అది కాదు. రాపిడి వల్ల వచ్చిన బుడిపె రంధ్రాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది, ఒకరోజు పెరిగి ఒకరోజు తగ్గుతుంది, కారణం తీసేస్తే కొన్ని వారాల్లో అణుగుతుంది. పొడవాటి కడ్డీ, ఒకే పక్కన నిద్ర, పడని లోహం, రోజుకు ఆరుసార్లు కడగడం, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. కీలాయిడ్ నెలల తర్వాత మొదలై, అసలు పుండు హద్దు దాటి పక్క చర్మంలోకి గట్టిగా పెరుగుతుంది, తనంతట తను తగ్గదు. ఇంట్లో ఎవరికైనా ఉంటే, చర్మం ఛాయ ముదురైతే అవకాశం ఎక్కువ. స్కిన్ డాక్టర్లు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఊరికే కోసేస్తే మళ్లీ, కొన్నిసార్లు ఇంకా పెద్దదిగా వస్తుంది. కుటుంబంలో కీలాయిడ్ల చరిత్ర ఉన్నవారు కుట్టించుకునే ముందే ఒకసారి డాక్టర్‌తో మాట్లాడాలి.

దురద, చుట్టూ పొడిపొడిగా ఎర్రటి దద్దు, పల్చటి నీరు కారడం ఎలర్జీ వైపు చూపిస్తాయి. నొప్పి, వేడి, సలుపు ఇన్ఫెక్షన్ వైపు. నగ ముందు భాగమో వెనక బిళ్లో చర్మంలోకి కూరుకుపోతుంటే కడ్డీ పొట్టిదైందని అర్థం, ఆ రోజే పొడవుది పెట్టించుకోవాలి.

అన్నిటికంటే భయపడాల్సింది పెరికాండ్రైటిస్, అంటే పెరికాండ్రియం పొరకు సోకే ఇన్ఫెక్షన్. రంధ్రం దగ్గరే కాకుండా చెవి పైభాగమంతా ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బి, ముట్టుకుంటే ప్రాణం పోతున్నట్టుంటుంది. తమ్మె మాత్రం మామూలుగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ కార్టిలేజ్ లేదు. ఈ ఒక్క తేడాతోనే చాలాసార్లు గుర్తుపట్టొచ్చు. చీము చేరితే పెరికాండ్రియం కార్టిలేజ్ నుంచి విడిపోతుంది. ఆ పొర నుంచే పోషకాలు అందాలి కాబట్టి కింద ఉన్న కార్టిలేజ్ చచ్చిపోతుంది, చెవి ముడుచుకుపోతుంది, మళ్లీ మామూలు కాదు. రేపు చూద్దాం అనుకునే వ్యవహారం కాదిది, అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేసుకోవడం ఇక్కడ రెండు రకాలుగా ప్రమాదం. సూడోమోనాస్ మీద అమాక్సిసిలిన్ లాంటి మామూలు మందులు పనిచేయవు, ఈలోగా విలువైన ఒకటి రెండు రోజులు పోతాయి. దానిపై పనిచేసే సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి వయసు, ఇతర జబ్బులు చూసి డాక్టరే రాయాలి. నగ తీయాలా ఉంచాలా అన్నదీ వారికే వదిలేయాలి. ఇంట్లో తీసేస్తే బయట మూసుకుని చీము లోపల చిక్కుకోవచ్చు.

ఇక సరదాగా నగలు మార్చడం. కనీసం ఆరు నెలలు, కుదిరితే ఏడాది. రెండు మూడు వారాలుగా పక్కు కట్టకపోతే, ఒత్తినా నొప్పి లేకపోతే, కడ్డీ రంధ్రంలో తేలిగ్గా కదులుతుంటే మానిందనుకోవచ్చు. మొదటి మార్పు అయినా పియర్సర్ దగ్గరే చేయించుకోవాలి. కొత్త రంధ్రం కొద్ది గంటల్లోనే బిగుసుకుపోతుంది. మానినట్టు కనిపించే ఏడాది రంధ్రం కూడా రాత్రంతా ఖాళీగా ఉంటే పొద్దున్నే మొరాయించవచ్చు. అప్పుడు బలవంతంగా తోయకుండా, అదే రోజు వెళితే పియర్సర్ కొస సన్నగా ఉండే నున్నటి టేపర్ కడ్డీతో దారి తెరిచి నగ ఎక్కించగలరు. రెండు రోజులు ఆలస్యమైతే మళ్లీ సూదే.